అత్తయ్యగారి మాడ్యూల్

మా బావకి చేసిన పనే మళ్ళీ చేయాలంటే ఒళ్ళుమంట. ఆయనకి అన్నం పెట్టింది కూడా ఆ గుణమే. ఏదైనా పనికి కోడ్ ఒక్కసారే రాసి, మాడ్యూల్‌గా పొట్లం కట్టి, ఆఫీసు ఉమ్మడి అరలో పెడతాడు. ఏ సిస్టమ్‌కి కావాలంటే ఆ సిస్టమ్ తీసుకుని తగిలించుకుంటుంది. అరలో ఉన్నదాన్ని బావ సరిచేస్తే, వాడుకుంటున్న చోటల్లా దానంతటదే మారిపోతుంది.

ఆఫీసులో మెచ్చుకున్న ఈ గుణమే ఇంట్లో కొంప ముంచింది. మేనేజరు పుట్టినరోజుకి రాసిన శుభాకాంక్షలే మా అమ్మ పుట్టినరోజుకీ పంపాడు. 'మీ నాయకత్వంలో మా విభాగం మరింత ఎదగాలి' అని చదువుకున్న అమ్మ, ఆ రోజు నుంచి అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేసింది. అందరం ఒకే ఇంట్లో ఉన్నా, ఏం చెప్పాలన్నా అక్క చేతే చెప్పించేది. బావ పైకి నవ్వేసేవాడు గానీ, లోపల బాగా నొచ్చుకున్నాడు.

అమ్మకి బీపీ మాత్ర సంగతి గుర్తుండదు. అందుకని రోజూ పొద్దున్నే ఆమె ఫోనుకి 'అత్తయ్యగారూ, మాత్ర వేసుకోండి' అని సందేశం వెళ్ళేలా ఒక మాడ్యూల్ రాశాడు. అందుకునేది ఆవిడొక్కరే కదా అని 'అత్తయ్యగారూ' అన్న పిలుపు కోడ్ లోపలే రాసేశాడు. అమ్మ మూతి ముడుచుకునే మాత్ర మింగేది.

అక్కడితో ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు? దాన్నీ పొట్లం కట్టి అరలో పెట్టాడు. పేరు ఇవ్వకపోతే లోపలున్న పిలుపే వెళ్తుందన్న సంగతి మరిచాడు. పళ్ళాసుపత్రి సిస్టమ్‌కి దాన్ని తగిలించినవాళ్ళు సందేశం తమది పెట్టుకున్నారు గానీ, పేర్లివ్వలేదు. 'అత్తయ్యగారూ, రేపు మీ పన్ను పీకుతాం' అని గడ్డాలూ మీసాలూ ఉన్నవాళ్ళందరికీ వెళ్ళింది. రిటైరైన పోలీసాయన ఒకరు, ఆ అల్లుడెవడో తేల్చమని ఆసుపత్రిలో బైఠాయించారట.

మేనేజరు చేత చివాట్లు తిని, బావ ఆ పిలుపు తీసేసి 'గౌరవనీయ వినియోగదారులకు' అని పెట్టాడు. మా ఇంటికి వచ్చేదీ ఆ అరలోంచేనని ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున అమ్మ చేతిలో మాత్ర పట్టుకుని ఫోన్ చూసింది. మాత్ర బల్ల మీద పెట్టేసింది. అక్క వంటింట్లోనే ఉన్నా పిలవకుండా, తిన్నగా వచ్చి బావ ముందు నిలబడింది.

"ఏం అల్లుడుగారూ, నేను మీకు వినియోగదారునయ్యానా?"

బావ కంగారుగా, సరిచేసి మళ్ళీ పంపుతానన్నాడు. అమ్మ కదల్లేదు.

"నోటితో చెప్పండి" అంది.

"అత్తయ్యగారూ, మాత్ర వేసుకోండి."

అమ్మ వేసుకుంది.

ఇప్పుడు రోజూ ఆయనే చెప్పాలి. సెలవురోజైనా నిద్రలేచి చెప్పాలి. చేసిన పనే మళ్ళీ చేస్తూ బావ అంత సంతోషంగా ఉండటం నేనింతకుముందు చూడలేదు.