సీటు కోసం గీసిన ఇల్లు

మొన్న మా అన్న మనుమరాలు మా ఇంటికి వచ్చి, ఆర్కిటెక్చర్ కాలేజీలో చేరడానికి తాను తయారుచేసుకున్న బొమ్మలన్నీ పలకంత ఫోనులో వేలితో ఒక్కొక్కటే తోస్తూ చూపించి, నీ రోజుల్లో నువ్వేం పట్టుకుపోయావు అని అడిగితే, అవన్నీ చెదలు తినేశాయమ్మా అని అబద్ధమాడాను. చెదలేమీ తినలేదు, అటకమీద రేకు డబ్బాలో భద్రంగానే ఉన్నాయి. ఆ డబ్బా మూత తీస్తే మాట ఒక బొమ్మ దగ్గర ఆగదు, పొద్దుగూకేదాకా చెబుతూ కూర్చోవాల్సి వస్తుంది, ఆ పిల్లకేమో ట్యూషనుకు వేళయింది. మీరైతే నా ఈడువాళ్ళు, ఎక్కడికీ పరుగెత్తే పనిలేనివాళ్ళు, కనుక మీతో చెప్పుకుంటాను.

మా బాపు మంచిర్యాల దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నస్పూర్ వైపు కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఇండ్లు. రాత్రి షిఫ్టు దిగి నిద్రకళ్ళతో వచ్చే మగవాళ్ళు అప్పుడప్పుడు పక్క వరుసలో దూరి, ఎవరి మంచంమీదో కూలబడి, ఆ ఇంటావిడ చీపురు తిరగేస్తే గానీ తేరుకునేవాళ్ళు కాదు. మా బాపుకూ ఆ ముచ్చట ఒకసారి జరిగిందని మా అవ్వ నవ్వు ఆపుకోలేక చెప్పేది, బాపు మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు. అలాంటి చోట పెరిగిన నాకు, ఒక ఇల్లులా ఇంకో ఇల్లు ఉండనక్కరలేదని తెలిసింది సెలవుల్లో అమ్మమ్మ ఊరికి పోయినప్పుడే. ఇండ్లు గీసే పిచ్చి కూడా నాకు అక్కడే పట్టుకుంది.

ఎనభైల మొదట్లో ఇంటర్ అయ్యాక హైదరాబాదులో ఆర్కిటెక్చరు కాలేజీకి ఎంట్రన్సు రాశాను. కొన్నాళ్ళకు ఇంటర్వ్యూకు రమ్మని, వచ్చేటప్పుడు సొంతంగా గీసిన బొమ్మలు తెచ్చుకొమ్మని కార్డు వచ్చింది. ఇండ్లు కట్టేది మేస్త్రీలు కదా, దానికి కాలేజీ ఎందుకో మా బాపుకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. అయినా కాదనలేదు. "ఒక్కపారి పోయొద్దాం. అచ్చిందా, సదువుకో. రాలేదా, సప్పుడు జేయక టీచర్ ట్రైనింగుల జేరాలె" అన్నాడు. మా బాపు ఒకసారి అంటే ఒకసారే. ఆ బొమ్మలే నాకు దిక్కని ఆ రోజే తెలిసిపోయింది.

మా బడిలో పాత డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఆయన దగ్గరికి పోయి చెబితే, పూలకుండీలు, జలపాతాలు గీసి వాళ్ళ ప్రాణం తియ్యొద్దు, నీకు బాగా తెలిసిన ఒక ఇల్లు పట్టుకొని దాన్నే అన్ని వైపులనుంచీ గియ్యి అన్నారు. ఇంకో రెండు మాటలు కూడా చెప్పారు. పగులులేని గోడకు బొమ్మలో ప్రాణం ఉండదు, కాబట్టి పాతగోడ దొరికితే వదలొద్దని ఒకటి. ఇంటి బొమ్మలో మనిషిని పెడితే చూసేవాడి కన్ను మనిషిమీదికే పోతుంది, అందుకని మనుషుల జోలికి పోవద్దని రెండోది. మనుషులను గీయడం నాకు ముందే చేతకాదు గనుక ఆ రెండో మాట నాకు మహా నచ్చింది.

క్వార్టర్లో గీద్దామంటే ఇంటింటా బొగ్గుపొయ్యి. పొద్దున పరిచిన తెల్ల కాగితం మధ్యాహ్నానికి బూడిదరంగు తిరిగేది, మా అవ్వ తన చీర అడ్డం కట్టినా ఆగేది కాదు. అందుకని కాగితాలు చుట్టుకొని అమ్మమ్మ ఊరికి బస్సెక్కాను. ఆ ఊరికి అప్పటికే కాలం మూడింది. కింద బొగ్గుంది, పైనుంచి తవ్వి తీస్తారు, ఊరు లేపేస్తారు అన్న మాట రెండేండ్లనుంచీ నానుతున్నదే గానీ, నేను పోయేసరికి ప్రతి గోడమీదా ఎర్రరంగుతో నంబర్లు వేసి ఉన్నాయి. చేతిలో టేపు, చంకలో కాగితాల చుట్టతో వాడకట్టులోకి అడుగుపెడితే, చిన్నప్పుడు చంకనెత్తుకున్నవాళ్ళే తలుపులు దగ్గరికి వేసుకున్నారు. బాపు కంపెనీ మనిషి కదా, కొలతలకు కూతురిని పంపాడనుకున్నారు. ఒక ముసలాయన అయితే మొహం మీదే, "కంపెనోని బిడ్డవు, మా ఇల్లు కొలవకు తల్లీ, నీకు దండం బెడుత" అన్నాడు.

ఇక మిగిలింది అమ్మమ్మ ఇల్లే. తాతయ్య పోయాక అందులో అమ్మమ్మ, మా మేనమామ, అత్త ఉండేవాళ్ళు. మట్టిగోడలు, గూనపెంకులు, నడుమ వాన పడే వాకిలి, దాని చుట్టూ టేకు స్తంభాలు, నాలుగు అర్రలు, అంటే గదులు, వీధివైపు పెద్ద దర్వాజా, దర్వాజాకు అటూ ఇటూ అరుగులు. తాతయ్య పోయిన ఏడు పడ్డ పెద్దవానలకు వీధిగోడ పైనుంచి కిందిదాకా నెర్రె విచ్చింది. పెంకులు జారాయి, ఒక దూలం కాస్త కుంగింది. ఇల్లు పోతుందని తెలిశాక బాగుచేయించడానికి మామకు చేతులు రాలేదు. నాకేమో ఆ నెర్రెను చూడగానే లంకెబిందెలు దొరికినంత సంబరమైంది.

నేను గీయబోయేది ఈ గోడేనని తెలిసి అమ్మమ్మ ఊరుకోలేదు. రెండు దినాలు ఆగు, మట్టి పెట్టి నెర్రె పూడుస్తాను, సున్నం కొడతాను, అడుగున ఎర్రటి జాజు పూస్తాను, అప్పుడు గీసుకో అంది. "ఇల్లు జూసి ఇల్లాలిని జూడుమన్నరు. పట్నపోళ్ళు గీ గోడ జూస్తే నన్నేమంటరే?" అని ఆవిడ బాధ. నేను వింటేనా, మాస్టారి పాఠమంతా ఆవిడకు ఒప్పజెప్పాను. ఇది ఇట్లుంటేనే అందం అమ్మమ్మా అంటే, నావైపు వింతగా చూసి, చదువుకున్నదానివి నీకే తెలియాలి అని అరుగు దిగి లోపలికి పోయింది. తర్వాత ఎన్ని రోజులు కూర్చున్నానో గుర్తులేదు గానీ, ఆ నెర్రెను మాత్రం దాని వంకరలన్నిటితో, అందులో మొలిచిన రావిమొక్కతో సహా దించాను. నా చేతినుంచి అంత మంచి గీత అంతకుముందు రాలేదు, ఆ మాటకొస్తే తర్వాతా రాలేదు.

ఆ రోజుల్లోనే నష్టపరిహారం కోసం ఇండ్లు రాసుకునే సిబ్బంది వచ్చి, ఎండ ఎక్కువగా ఉందని కాబోలు, మా ఇంటిని వీధిలోనుంచే చూసి రాసుకుని పోయారు. లోపల నాలుగు అర్రలున్నాయనీ, స్తంభాలన్నీ టేకువనీ మామ వెంటపడి చెప్పినా, అభ్యంతరముంటే పంచాయతీ ఆఫీసులో సారుకు చెప్పుకొమ్మన్నారు. మామకు నా బొమ్మలు గుర్తొచ్చాయి. మేనకోడలు ఇల్లంతా కొలిచి గీసింది, ఇంతకంటే రుజువేం కావాలి అని మహా ధీమాగా నన్నూ వెంటబెట్టుకొని బయలుదేరాడు. నాకూ గర్వంగానే ఉండింది, ఎందుకుండదు, నా గీత మా ఇంటిని నిలబెడుతుందనుకున్నాను.

ఆ సారు చెడ్డమనిషి కాదు. బొమ్మలన్నీ బల్లమీద పరిచి, ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసి, అర్రలు నాలుగని సరిచేశాడు. వీధిగోడ బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాడు. ఎంత బాగా గీశావమ్మా, నీకు సీటు ఖాయం అని నన్ను మెచ్చుకొని, ఆ తర్వాత పెన్ను మొనతో నెర్రెను, కుంగిన దూలాన్ని, జారిన పెంకులను మామకు చూపించి, ఇల్లు శిథిలంగా ఉందని మీ పిల్లే చెబుతోంది కదయ్యా, నేను మంచి ఇల్లని ఎట్లా రాసేది అన్నాడు. రాసుకుపోయిన సిబ్బంది పాత ఇల్లు అన్నారంతే, శిథిలమన్న మాట వాళ్ళ కాగితంలో లేదు. ఆ మాట నా బొమ్మ చూశాకే ఎక్కింది. దానితో రావాల్సిన పరిహారంలో ఎంతో తెగిపోతుందని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. మామ బొమ్మలన్నీ చుట్టి చంకన పెట్టుకొని బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చాక అత్త మాత్రం ఊరుకోలేదు. ఊరు పోతోందని ఏడుస్తుంటే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదొకటి. "అందరు ఉన్న బొక్కలు దాసుకుంటుంటె, మనపిల్ల రంగులేసి సూపిచ్చె" అని ఇరుగుపొరుగు వినేలా అంది. మామ నా పక్కన కూర్చుని, "బొమ్మతోటి ఏమైతదే, వాళ్ళు ఏం రాసుకునేది ముందుగాలనే రాసుకున్నరు. పరేషాన్ గాకు" అన్నాడు. అది నిజమో, నా మనసు కుదుటపడాలని అన్న మాటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ బొమ్మలు చింపి పొయ్యిలో పెట్టి, టీచర్ ట్రైనింగే చేద్దామని నిజంగానే అనుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మమ్మ, ఇంత రాద్ధాంతం చేసిన కాగితమేదో నన్నూ చూడనియ్యి అంది. భయంభయంగా విప్పాను. మసకబారిన కళ్ళు కాగితానికి ఆనించి, దర్వాజా మీది చెక్కడాన్ని, అరుగులను, చివరికి ఆ నెర్రెను వేలితో తడుముకుంటూ పోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఉన్నదే గీసినవ్ బిడ్డా, తప్పేమున్నది" అని, మళ్ళీ ఒకసారి బొమ్మంతా వెతికి, "కని గిండ్ల నేనేదే?" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. పెండ్లై వచ్చిననాటినుంచీ ఏ ఇల్లు అలికి, పూసి, కాపాడిందో ఆ ఇంటిని పెంకులతో సహా గీసి, ఆవిడను మాత్రం బయట పెట్టాను. అక్కడికక్కడే పెన్సిలు తీసుకొని, అమ్మమ్మను అరుగుమీద కూర్చోబెట్టి, బొమ్మలో దర్వాజా పక్కన గీశాను. నాకు మనుషులు చేతకాదని ముందే చెప్పాను కదా. ముఖం కుదిరిందే గానీ కొలత కుదరలేదు. కూర్చున్న అమ్మమ్మ తల దర్వాజాను దాటి దూలాన్ని అందుకుంది. తుడిచి మళ్ళీ గీస్తానంటే ఆవిడ కాగితం లాక్కుంది. "గింత పెద్దగున్ననా నేను!" అని నోటికి కొంగు అడ్డంపెట్టుకొని నవ్వి, "మంచిగనే ఉన్న, ఉండనీయ్" అంది. ఊరి గోడలమీద నంబర్లు పడ్డాక ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఇంటర్వ్యూకు బాపు సెలవు పెట్టి వెంట వచ్చాడు. లోపల బల్లకు అవతల పెద్దవాళ్ళు కొందరు కూర్చున్నారు. మిగతా బొమ్మలన్నీ గబగబా తిరిగిపోయాయి గానీ, అందరూ వీధిగోడ బొమ్మ దగ్గరే ఆగారు. నెర్రెను చూసి ఒకరినొకరు మెచ్చుకోలుగా చూసుకున్నారు. అందులో పెద్దాయన అమ్మమ్మమీద వేలుపెట్టి, ఈవిడ లేచి నిలబడితే ఈ దర్వాజాలోంచి ఎలా పోతుందమ్మా అని అడిగితే అందరూ నవ్వారు. అపహాస్యమేమీ కాదు, పాపం నా మేలు కోరే, కొలత తెలియని మనిషి ఆర్కిటెక్టు కాలేడని చెప్పి, రబ్బరు నావైపు జరిపి, ఈ ఒక్కటీ తుడిచేస్తే ఇది చాలా గొప్ప బొమ్మ, తుడువు, మేం చూస్తాం అన్నాడు. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను కూడా. బయట బాపు బెంచీమీద కూర్చుని ఉన్నాడు, ఇంకోసారి లేదని నాకు తెలుసు. చేయి మాత్రం ముందుకు పోలేదు. దారి పొడుగునా నేర్చుకున్న పుస్తకాల భాష ఎటు పోయిందో, మా క్వార్టర్ల మాటే బయటికొచ్చింది. "తుడిస్తే మా అమ్మమ్మ యాడ కూసుంటది సార్? ఆ ఇల్లు తీసేస్తున్నరు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. రబ్బరు బల్లమీద పెట్టేసి, బొమ్మలు చుట్టుకొని వచ్చేశాను. సీటు పోయిందనే అనుకున్నాను. బాపుకు జరిగింది చెబితే, బెంచీమీదినుంచి లేచి కాగితాల చుట్ట అందుకుని, "మంచిగ జెప్పినవ్, పా" అన్నాడు.

సీటు వచ్చింది. అందరికంటే అడుగున, జాబితా చివర్లో. నేను మొదటేడు చదువుతుండగా ఊరు ఖాళీ చేయించారు. మామకు వచ్చినదానితో కొత్త కాలనీలో రెండే అర్రలు లేచాయి. అత్త నాతో మునుపటిలా మాట్లాడటానికి నా పెండ్లిదాకా పట్టింది. ఆ రెండు అర్రల్లో అమ్మమ్మకు పగలు పొద్దు పోయేది కాదట, అరుగులేని ఇల్లు గదా, కూర్చుందామంటే చోటేది. ఇప్పుడు ఊరున్న చోట ఊరంత లోతు గొయ్యి, దాని పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు. ఇల్లు ఇక్కడుండేదని వేలెత్తి చూపడానికి గాలి తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత బతుకంతా ఇండ్లు గీసే బతికాను. కాగితం పోయింది, పెన్సిలు పోయింది, చిన్నచిన్న పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని పూటకో ఇల్లు లేపుతున్నారు. మా రోజుల్లోలా మనుషులను వదిలేయడం కూడా లేదు. రెడీమేడుగా దొరుకుతారు, సంచీ పట్టుకున్న ఆడమనిషి, సైకిలు మీద పిల్లవాడు, కుక్కను నడిపించుకుపోయే ముసలాయన, ఏ ఇంటి ముందు కావాలంటే ఆ ఇంటి ముందు దించుతారు. ఈవిడెవరమ్మా అని ఒకసారి మా ఆఫీసులో పిల్లను అడిగితే, ఎవరూ కాదు మేడమ్, కొలత తెలియడానికి పెట్టాను అంది. నిజమే, అందరూ సరిగ్గా కొలతకు సరిపోతారు, అందరికీ ముఖాలు కూడా ఉంటాయి. ఆ ముఖాల్లో ఒక్కటీ నాకు తెలియదు. వాళ్ళలో ఒక్కరూ దర్వాజాకంటే పెద్దగా ఉండరు.