శ్రుతి తగ్గిన రాయి

నేను పుట్టుకతోనే పిరికివాణ్ణి. ఈ సంగతి నాకన్నా ముందు మా ఆవిడ కనిపెట్టింది. పెళ్లైన కొత్తలో హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్‌గా పనిచేసేవాణ్ణి. తెలంగాణ వచ్చిన తొలి రోజులవి. ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, నా బల్ల మీద నక్షాలకు కొదవ లేదు. కానీ వాన కాస్త గట్టిగా పడిందంటే చాలు, నేను గీసిన ఇళ్లన్నీ వరుసగా గుర్తొచ్చేవి. స్లాబు లెక్కలు చూసేది వేరే ఇంజనీరు, సంతకమూ ఆయనదే. అయినా నా గుండెకు ఆ మాట ఎవరు చెప్పాలి? ఎవరిదో బాల్కనీ గుర్తొచ్చి, అన్నం ముందు నుంచి లేచిపోయిన రోజులున్నాయి.

"నువ్వు గీసిన ఇల్లు గాదు, ముందుగాల నువ్వే కూలేటట్టున్నవ్" అన్నది మా ఆవిడ ఒకరోజు. ఆమె సర్కారు బడిలో టీచర్. మహబూబ్‌నగర్ దగ్గరి బడిలో ఆమెకు ఉద్యోగం రాగానే, నాది వదిలేసి వెంట వచ్చేశాను.

ఊరి శివారులో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాను. కాలేజీలో ఉండగా మట్టితో బొమ్మలు చేసిన చెయ్యి ఇప్పుడు రాయి పట్టింది. శిల్పమైతే నేల మీద కూర్చుంటుంది, దాని కింద ఎవరూ కాపురం పెట్టరు. ఈ ఒక్క ధైర్యంతోనే శిల్పినయ్యానంటే నవ్వేవాళ్లు నవ్వుకోండి.

సంగీతం మాత్రం ఇంటిదే. మా బాపు చర్చిలో పిల్లనగ్రోవి ఊదేవాడు. ఆయన పోయాక అది నాకు వచ్చింది. రాళ్లు కోస్తుంటే కొన్ని ముక్కలు గంటలాగా మోగడం గమనించాను. నల్లరాతి పలకను పొడుగ్గా కోసి, రెండు తాళ్ల మీద ఆనించి, కొయ్య సుత్తితో కొడితే చక్కగా పలుకుతుంది. కొసలు అరగదీస్తే స్వరం పైకి పోతుంది, నడుమ పలచన చేస్తే కిందికి దిగుతుంది. అలాంటి రాళ్లను వరుసగా పేర్చి పాటలు వాయించడం మొదలుపెట్టాను. బొమ్మల కోసం రానివాళ్లు కూడా ఈ రాళ్లు వినడానికి వచ్చేవారు.

శ్రుతి చూసే సదుపాయం ఇప్పుడు ఫోనులోనే ఉంది. నాకే వద్దనిపించింది. టేపు పట్టుకుని బతికింది చాలు, ఇక బాపు పిల్లనగ్రోవే నా కొలత అనుకున్నాను. కాస్త అరగదీయడం, గ్రైండర్ ఆపడం, నిండా ఊపిరి తీసుకుని ఆ స్వరం ఊదడం, రాయిని కొట్టి పోల్చుకోవడం, మళ్లీ అరగదీయడం. మూతికి గుడ్డ కట్టుకుంటే ఊదేదెట్లా? కరోనా కాలంలో కూరగాయలకు పోవాలన్నా మాస్కు మీద మాస్కు పెట్టుకున్న మనిషిని, షెడ్డులోకి రాగానే రెండూ తీసి మేకుకు తగిలించేవాణ్ణి. దుమ్ము ఇంకా గాల్లో తేలుతుండగానే గుండెల నిండా గాలి పీల్చేవాణ్ణి. కొన్నేళ్లు అలాగే గడిచాయి.

పోయినేడు క్రిస్మస్‌కు చర్చిలో వాయించాలని పాత వరుసకు తోడు ఇంకో వరుస చేశాను. ప్రతి రాయినీ పిల్లనగ్రోవితో సరిచూసుకునే చేశాను. తీరా రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి కొడితే కలవలేదు. ఒకే స్వరం పలకాల్సిన చోట పాత రాయి పైన ఉంది, కొత్త రాయి కింద ఉంది. తాళ్ల మీద అనుమానపడ్డాను, చలి మీద పడ్డాను, రాయి అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. చివరికి పిల్లనగ్రోవి తీసి పాత రాయికి సరిగా ఊదబోయాను. అందలేదు. గట్టిగా ఊదితే ఒక్క క్షణం అందింది, వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

రాయి మారదు. పిల్లనగ్రోవిని వెలుతురులో తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా చీలిక లేదు. ఇక మిగిలింది ఊదేవాడే. నా ఊపిరి తగ్గుతూ వస్తుంటే స్వరమూ దిగుతూ వచ్చింది, నేను దానికి తగ్గట్టుగా ఒక్కొక్క రాయినీ దించుకుంటూ పోయాను. సుత్తి కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఎండాకాలంలో భువనగిరి గుట్ట ఎక్కుతూ సగంలోనే కూర్చుని, "ఊరు ఇక్కడి నుంచే మంచిగ కనవడ్తది" అని మా ఆవిడను మాటల్లో పెట్టడం అప్పుడు గుర్తొచ్చింది.

దవాఖానలో డాక్టరు నా వీపు మీద వేలు ఆనించి, ఇంకో వేలితో కొట్టి విన్నాడు. నేను రాళ్లను వినేది అట్లాగే. ఒకచోట చప్పుడు మొద్దుగా వచ్చింది. అక్కడేదో తేడా ఉందని ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

ఎక్స్‌రే చూసి, "ఊపిరితిత్తులకు రాతి దుమ్ము పట్టింది. పట్టింది పోదు, ఇంకింత పట్టకుంట చూస్కోవాలె. రాయి ముట్టుడు బంద్ చేయుండ్రి" అన్నాడు.

"బంద్ చేస్తే ఆగుతదా సార్? పిల్లనగ్రోవి ఊదొచ్చునా?" అని మా ఆవిడ అడిగింది.

"కొందరికి ఆగుతది. కొందరికి పని ఇడిశినంక గూడ పెరుగుతది. కనిపెట్టుకోని ఉండాలె. పిల్లనగ్రోవి జర మెల్లగ ఊదుకోనియ్యుండ్రి."

షెడ్డుకు తాళం వేశాం. ఒకే స్వరానివి పాత రాయి ఒకటి, కొత్త రాయి ఒకటి ఇంటికి తెచ్చి వరండాలో పెట్టాను. పొద్దున్నే బడికి పోయేముందు మా ఆవిడ పాత రాయిని కొడుతుంది, నేను ఊదుతాను. అందితే ఆ పూటకు బతికిపోయినట్టు. శ్రుతి తగ్గిన కొత్తది ఊరికే పక్కన పడి ఉంటుంది. ఊదేటప్పుడు నేను గోడ వైపు తిరుగుతాను. ఆమె ముఖం చూస్తూ ఊదే గుండె నాకు లేదు. వాన పడితే స్లాబుల కోసం వణికినవాణ్ణి, ఇప్పుడు తెల్లవారుతుందంటేనే వణుకుతున్నాను.

ఈ మధ్య కొన్ని పూటలు అందలేదు.

ఈ పొద్దున ఎప్పటిలాగే గోడ వైపు తిరిగాను. వెనకాల రాయి మోగింది. ఊదాను. దగ్గు లేదు, ఆయాసం లేదు, స్వరం నేరుగా పోయి రాయితో కలిసింది.

"కలిసింది సూడు" అన్నది మా ఆవిడ. గొంతులో సంతోషం కాస్త ఎక్కువగానే ఉంది.

నా ఊపిరి చెడింది గాని చెవి చెడలేదు. ఆ రెండు రాళ్లలో ఏది మోగిందో నాకు చూడకుండానే తెలుస్తుంది. ఆమె కొట్టింది కొత్తది.

"ఆఁ, కలిసింది" అన్నాను గోడ వైపే చూస్తూ. ఆమె సుత్తి పక్కన పెట్టి, బ్యాగు తీసుకుని బడికి పోయింది.