కుడి మోకాలు మామయ్య పేర

మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొన్నేళ్ళకు నేను బోధన్‌కు కాపురానికి వచ్చాను. అప్పటికే మా అత్తమ్మ ఒంట్లో నొప్పి లేని చోటు లేదు. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ కూయకముందే లేచి, చెరుకు నరికి, మోపులెత్తి అరిగిన ఒళ్ళు మరి. వింత అది కాదు. ప్రతి నొప్పినీ ఆమె ఎవరో ఒకరి పేర పెట్టేసింది.

దీనికంతటికీ కారణం నిజామాబాద్ కంఠేశ్వర్ గుడి దగ్గర ఎవరో స్వామి చెప్పిన మాట. మనిషి బాధ వట్టిగా పోదనీ, ఒకరు ఓర్చుకుంటే పక్కవాళ్ళ పాపం కూడా కరుగుతుందనీ, మోక్షానికి పోతే అందరం కలిసే పోతామనీ అన్నాడట. మిగతావాళ్ళు విని, ప్రసాదం తిని ఇంటికొచ్చారు. మా అత్తమ్మ మాత్రం పేరు పేరునా మొక్కు మొక్కినట్టు నొప్పులు పంచడం మొదలుపెట్టింది. కుడి మోకాలు మామయ్య పేర, చుట్ట తాగుతూ ఊరందరినీ తిట్టిన పాపానికి. నడుము నా పెనిమిటి పేర.

"మరి నా పేర ఏం లేదా అత్తమ్మా?" అని అడిగాను.

"ఎందుకు లేదు పిల్లా? తలనొప్పి నీదే" అంది.

అది నా కోసం వచ్చిందో నా వల్ల వచ్చిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మందు తెస్తే మింగేది కాదు. "నొప్పి తక్కువైతె మీ మామ గతేంగావాలె?" అనేది. అరుగు మీద నుంచి మామయ్య, "నన్ను మోక్షానికి తోలుడు బంద్ వెట్టి జర చాయ్ పొయ్యి" అని కేకేసేవాడు. అందరం నవ్వుకునేవాళ్ళం.

కళ్ళకు పొరలు కమ్మాక ఆ నవ్వులు ఆగిపోయాయి. ఒకరోజు తడుముకుంటూ మండే పొయ్యిలో చెయ్యి పెట్టింది. నిజామాబాద్ సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేస్తారనీ, ఆలస్యమైతే చూపు దక్కదనీ అన్నారు. ఆమె ససేమిరా అంది. ఆ కళ్ళు పక్కింటి ఆపా పేర పెట్టిందట. ఆపా ముస్లిం, గాజులమ్మి బతికేది, అత్తమ్మకు ఆమె అంటే ప్రాణం. ఎదిగిన కొడుకు పోయిన నాటి నుంచి ఆపా ఏడవని రోజు లేదు.

"నా కండ్లు పోతె ఆపా కండ్లనీళ్ళు ఆగుతయి" అంది అత్తమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. బతిమాలాం, తిట్టాం. ఒకరోజు నేను అలిగి అన్నం కూడా మానేశాను. "నీ ఆకలి ఎవలి పేర పిల్లా?" అని అడిగింది మహాతల్లి!

అట్లా ఏడాది దాటింది. ఇక ఆగలేక నేనే పోయి ఆపాకు సంగతంతా చెప్పేశాను. ఆమె గాజుల గంప అక్కడే వదిలేసి మా ఇంట్లోకి దూసుకొచ్చింది.

"ఏమే చెల్లె, నేనడిగిన్నా నిన్ను? నా కొడుకును అల్లా తీస్కపోయిండు. నీ కండ్లు గూడ నా నెత్తిన పెడ్తవా? రేపు అల్లా ముంగట నేనేం జవాబు చెప్పాలె?"

మర్నాడు అత్తమ్మ ఆపా చెయ్యి పట్టుకుని నిజామాబాద్ బస్సెక్కింది. వెనక నేను.

ఒక కన్ను బాగైంది. రెండోదానికి వేళ మించిపోయిందనీ, ఇక చూపు రాదనీ డాక్టరు చెప్పాడు. కట్టు విప్పిన నాడు ఆపా మంచం పక్కన కూర్చుని ఆ పోయిన కన్ను వైపే చూస్తూ ఉంది. మా అత్తమ్మ నోరు నాకు తెలుసు కదా. నీ పేరనే పోయిందని ఆమె అంటే ఆపా ముసలిప్రాణం ఇక బతుకుతుందా?

ఆపానే అడిగింది. "నిజం చెప్పు చెల్లె. గా కన్ను ఎవలి పేర పోయింది?"

అత్తమ్మ బాగైన కంటితో ఆమె ముఖంలోకి చూసింది.

"ఎవలి పేర లేదు ఆపా," అంది. "ఊకెనే పోయింది."