మా ఆవిడ పేరు మీద ముప్పై చదరాలు

ఈ ప్రయాణం పెద్ద దూరమేమీ కాదు. గండిమైసమ్మ నుంచి మేడ్చల్, మేడ్చల్ నుంచి షామీర్‌పేట, అక్కడి నుంచి కరీంనగర్ రోడ్డు మీద అలియాబాద్. అయినా బయలుదేరే ముందు రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. కారణం చెబితే నవ్వుతారు. నవ్వండి. నేను ఏడాదిగా మా ఆవిడ సుజాత పేరు పెట్టుకుని ఆడవాళ్ళ క్రోషియా గ్రూపులో ఉంటున్నాను. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఆ ఆదివారం బస్సెక్కాను.

నా పేరు యాదగిరి. ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కాను. రిటైరైన ఏడాదే స్కూటర్ మీంచి పడితే కుడిచేతి వేళ్ళు రెండు బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక ఊలుండ, ఒక కొక్కెం సూది చేతిలో పెట్టి, రోజూ గంటసేపు గొలుసు అల్లమంది. రెండు నెలల్లో వేళ్ళు వదులయ్యాయి. సూదిని మాత్రం చెయ్యి వదల్లేదు. గుమ్మానికి తోరణం, టీవీకి కవరు, మనవరాలికి టోపీ, నీళ్ళ సీసాలకు సంచులు, చివరికి నన్ను పడేసిన ఆ స్కూటర్ సీటుకు కూడా కవరు అల్లాను. గొప్పలు చెబుతున్నాడనుకుంటారేమో, నిజంగా గొప్పగానే అల్లాను.

అల్లినవి చూపించుకోవడానికి మనుషులు కావాలి కదా. ఫోనులో వెతికితే అలియాబాద్ వాళ్ళ గ్రూపు కనిపించింది. 'ఆడవాళ్ళకు మాత్రమే' అని పైనే రాశారు. సుజాత ఫోను తీసుకుని ఆమె నంబరుతో చేరిపోయాను. రాతలన్నీ నావి. గొంతు వినిపించాల్సి వస్తే కాగితం మీద రాసి ఇచ్చేవాణ్ణి, సుజాత చదివి పంపేది. "గిది మంచిగ లేదు" అని గొణుగుతూనే చదివేది.

అలా ఉండగా నేను ఒక కొత్త పువ్వు అల్లాను. మిషన్‌లో గేరు చక్రానికి పళ్ళు ఎలా వరుసగా ఉంటాయో అలా పదహారు రేకులు, ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు. చూస్తుంటే తిరుగుతున్నట్టే ఉంటుంది. గ్రూపంతా దాని మీద పడింది. అప్పటికే వాళ్ళు అంగన్‌వాడీ పిల్లలు మధ్యాహ్నం పడుకోవడానికి ఒక పెద్ద దుప్పటి తలపెట్టారు. ఒక్కొక్క చదరం ఎనిమిది అంగుళాలు, మొత్తం ఎనభై. అందులో ముప్పై 'సుజాతక్క' చక్రం పువ్వుతో ఇవ్వాలి. గ్రూపు నడిపే రేణుక తన గొంతు రికార్డు చేసి పంపింది: "సుజాతక్కా, రెండో ఆదివారం నువ్వు రాకుంటే మేం ఊకోం. దుప్పటి జోడిద్దాం. నీ పువ్వు అందరికి నేర్పియ్యాలె."

సుజాతకు సూది పట్టుకోవడమే రాదు.

"ఇగ చాలు," అంది సుజాత. "నువ్వే వచ్చి చెప్పు. నేను పక్కన నిలబడత, గంతే." ఒంట్లో బాగాలేదని రాసి తప్పించుకోవచ్చు. కానీ ఆ పువ్వు నాది. దాన్ని మెచ్చుకునే మాట ఒక్కసారైనా నా ముఖం చూసి చెబితే వినాలని ఉంది. నిజం తెలిస్తే ముప్పై చదరాలూ సంచితో సహా తిప్పి ఇచ్చేస్తారేమోనన్న భయం కూడా అంతే ఉంది.

ఉదయం ఏడు నలభైకి గండిమైసమ్మ చౌరస్తాలో బస్సెక్కాం. సుజాత ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకుంది, నేను డబ్బిచ్చి తీసుకున్నాను. ఆడవాళ్ళ పేరుతో ఏడాది బతికినా బస్సులో మగవాణ్ణే. ఆదివారం కాబట్టి సీట్లు దొరికాయి. ప్రయాణంలో అల్లేవాళ్ళకు ఒక మాట: ఉండను చేతిసంచిలో వేసి, దారం కొస మాత్రం బయటికి తీయండి. లేకపోతే అది బస్సంతా దొర్లుతుంది, మీరు సీట్ల కింద పాకాలి. నేను పాకాను కాబట్టి చెబుతున్నాను.

పక్క సీట్లో కూరగాయల గంపతో ఉన్న ఒకామె నా చేతులనే చూస్తోంది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"ఏందన్నా, ఆమె ఊకెనే కూసుంది, నువ్వు అల్లుతున్నవ్?"

"మా ఇంట్ల గట్లనే," అంది సుజాత కిటికీలోంచి చూపు తిప్పకుండా.

ఎనిమిదిన్నరకు మేడ్చల్లో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. సుజాత నాలుగు తింది, నేను ఒకటిన్నర. తొమ్మిదింటికి షామీర్‌పేటకు షేర్ ఆటో దొరికింది. దారి పొడవునా ప్రహరీ కట్టిన ప్లాట్లు, మధ్యమధ్యలో వరి మళ్ళు, ఫంక్షన్ హాళ్ళు. షామీర్‌పేటలో దిగి కరీంనగర్ వైపు వెళ్ళే బస్సు పట్టుకుని, పది దాటాక అలియాబాద్‌లో దిగాం. మహిళా సంఘం భవనం ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. ఆకుపచ్చ గేటు.

గేటు తీయగానే ఏడెనిమిది మంది ఎదురొచ్చి సుజాతను చుట్టేశారు. రేణుకకు నలభై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి. సుజాత రెండు చేతులూ పట్టుకుని, "గీ చేతులేనా అక్కా!" అని కళ్ళకద్దుకున్నంత పని చేసింది. నా చేతిలోంచి చదరాల సంచి తీసుకుని, "అన్నా, నువ్వు జర అరుగు మీద కూసో, చాయ్ పంపిస్త," అంది. నేను నోరు తెరిచేలోగా అందరూ లోపలికి వెళ్ళిపోయారు. సుజాత ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

చాయ్ వచ్చింది, తాగాను. కిటికీలోంచి చూస్తే సుజాత మధ్యలో కూర్చుని ఉంది. చేతిలో కొక్కెం సూది పెట్టారు. వంకాయ కోయడానికి కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంది. "మొదలు వెట్టక్కా," అంటున్నారు. ఇక కూర్చోలేకపోయాను. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.

"ఆమె కాదు తల్లీ," అన్నాను. "అల్లింది నేను. ఏడాది నుంచి గ్రూపులో రాసింది కూడ నేనే. తప్పయింది."

రేణుక నన్ను, సుజాతను, మళ్ళీ నన్ను చూసింది.

"మరి ఆ గొంతు?"

"గొంతు నాదే," అంది సుజాత. "ముచ్చట ఈయనది."

మూలన కూర్చున్న స్వప్న అనే అమ్మాయి లేచింది. పాతికేళ్ళు ఉంటాయేమో. ముఖం ఎర్రబడింది. "మేం అందుల మా ఇండ్ల ముచ్చట్లు రాసుకుంటం. నేను మా అత్తమ్మ గురించి, మా ఆయన గురించి రాసిన. అన్నీ సదివినవా?"

పువ్వుల ఫొటోలే చూశానని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడిదాకా వెళ్ళి మళ్ళీ అబద్ధమా అనిపించింది.

"కొన్ని సదివిన బిడ్డా," అన్నాను. "సదవొద్దని తెలిసి కూడ. ఎవ్వలికి చెప్పలే."

స్వప్న మళ్ళీ కూర్చుంది. నా వైపు చూడలేదు. నా వయసులో అంత సిగ్గు పడటం తేలిక కాదు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని వల అల్లుకుంటున్న ముసలామె తలెత్తింది. ఆమె రేణుక అత్త పోశవ్వ. వాళ్ళ ఇంటివాళ్ళు షామీర్‌పేట చెరువులో చేపలు పడతారు. ఆమెకు ఎనభై దగ్గర పడ్డా వల కళ్ళు మాత్రం ఆమే వేస్తుంది.

"మాటలెందుకు? సూది గాయనకియ్యుండ్రి," అంది. "సూద్దాం."

అందరి మధ్యా చాప మీద కూర్చున్నాను. మొదటి గొలుసు రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. మూడోసారికి వేళ్ళకు దారి తెలిసింది. నడుమ ఆరు గొలుసుల ఉంగరం, దాని మీద వరస, ఆ పైన ఒక్కొక్క రేకు. నాలుగో రేకు దగ్గర ఒకామె దగ్గరికి జరిగింది. ఎనిమిదో రేకుకు నలుగురు జరిగారు. రేకును ముందు వరసలో కాకుండా దాని వెనక కాడకు తగిలించాలని, అందుకే అది వాలినట్టు కనిపిస్తుందని చెబుతూ అల్లాను. పదహారో రేకు మూసేసరికి ముప్పావు గంట పట్టింది. పోశవ్వ దాన్ని తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. పనివాళ్ళు ముందు వెనకవైపే చూస్తారు.

"వీనిదే," అంది. "మస్తుగ జేసిండు."

ఆ మాట కోసమే నేను గండిమైసమ్మ నుంచి వచ్చాను. కళ్ళు తుడుచుకోలేదు కానీ తుడుచుకోవాల్సినంత పనైంది.

ఆ సంతోషం పావుగంట నిలిచింది. రేణుక చదరాలన్నీ నేల మీద పరవడం మొదలుపెట్టింది. వాళ్ళవి యాభై, నావి ముప్పై. నావి ఒక్కొక్కటీ వేలి వెడల్పు తక్కువున్నాయి. నేను నమ్మలేదు. ప్రతి దాన్నీ స్కేలు పెట్టి కొలిచానని, చెక్క పలక మీద మేకులు కొట్టి, నాలుగు మూలలా లాగి బిగించి, ఎనిమిది అంగుళాలు వచ్చాకే తీశానని గట్టిగానే వాదించాను.

పోశవ్వ బోసినోటితో నవ్వింది. "ఇనుమైతే గట్లనే ఉంటది కొడకా. గిది ఊలు. గుంజి కట్టినవ్, ఇడువంగనే ముడుసుకున్నది. సంచిల వడుకొని సల్లగ దాని కొలతకు అది వచ్చింది." తన చేతిలోని వెదురు బద్ద చూపించింది. వలలో ప్రతి కన్నూ ఆ బద్ద చుట్టూ వేసి ముడేస్తుంది. అందుకే అన్నీ ఒక్క తీరుగా వస్తాయి, తర్వాత లాగాల్సిన పనే లేదు. "కొలత అల్లేటప్పుడే వెట్టాలె. దారం పీక పిసుకుతున్నవ్, జర ఇడువు."

ముప్పై ఏళ్ళు కొలతలతోనే బతికినవాణ్ణి. ఇంత మంది ఆడవాళ్ళ ముందు కొలత తప్పానని ఒప్పుకోవడం, దొంగ పేరు ఒప్పుకోవడం కంటే కష్టమైంది. కొత్తగా అల్లేవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి: చదరం చిన్నదైతే లాగకండి. ఒక నంబరు పెద్ద సూది తీసుకోండి, దారాన్ని చూపుడువేలి మీద వదులుగా నడవనివ్వండి, ప్రతి వరసకూ కుట్లు లెక్కపెట్టండి.

నావాటికి చుట్టూ ఇంకో వరస తెల్ల ఊలుతో వేస్తే సరిపోతుందని రేణుక తేల్చింది. కానీ ముప్పై చదరాలు, చుట్టూ నాలుగు పక్కలు. దుప్పటి మర్నాడు పొద్దున అంగన్‌వాడీకి చేరాలి. "ఇవి పక్కకు పెట్టి ఉన్న యాభైతోనే చిన్నది జేద్దామా?" అని ఎవరో అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆ మాట న్యాయమే. కాదనే హక్కు నాకు లేదు.

అప్పుడు స్వప్న లేచి వచ్చి, నాతో మాట్లాడకుండానే, నా ముప్పైలోంచి నాలుగు తీసుకుని తన చోటికి వెళ్ళి అల్లడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె నాలుగు తీసుకుంది. చూస్తుండగానే నా ముందు ఐదు మిగిలాయి.

ఒంటిగంటకు జొన్న రొట్టె, చేపల పులుసు, చివర తాగడానికి సల్ల. తిన్న చేతులు కడుక్కుని మళ్ళీ కూర్చున్నాం. సుజాతకు అల్లడం రాకపోయినా దారం కొసలు కుట్టుసూదితో లోపలికి దాచడం వచ్చేసింది. నా చెయ్యి వదులు కావడానికి రెండు చదరాలు పట్టింది. బిగుసుకున్నప్పుడల్లా పోశవ్వ బద్దతో నా మోకాలి మీద తట్టేది.

నాలుగున్నరకు ఆఖరి కుట్టు పడింది. దుప్పటి నేల మీద పరిచాం. అడ్డం ఎనిమిది, నిలువు పది. తెల్ల అంచుల మధ్య ముప్పై చక్రాలు. ఏ మూల నుంచి చూసినా తిరుగుతున్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే, ఆ పువ్వులు గండిమైసమ్మ యాదగిరన్నవి అని చెప్పమని రేణుక అందరికీ గట్టిగా చెప్పింది. నా పేరు. నా సొంత పేరు. నేను మళ్ళీ చెప్పమని అడగలేదు కానీ, ఆమె మళ్ళీ చెబితే బాగుండేదనిపించింది.

బయలుదేరేటప్పుడు రేణుక గేటు దాకా వచ్చింది. "అన్నా, ఏ నెల రెండో ఆదివారమన్న రా, చాప మీద నీ జాగ నీదే. గ్రూపుల మాత్రం వద్దు. అది మా ఆడోళ్ళ జాగ. ఫోను సుజాతక్కకు ఇచ్చెయ్." సరేనన్నాను. రేణుక వెనక నిలబడ్డ స్వప్న నా వైపు చూసి తల ఊపింది. ఆ రోజుకు నాకు దక్కిన మన్నింపు అంతే, అది చాలు.

ఐదు పదికి షామీర్‌పేట బస్సు దొరికింది. చెరువు మీద ఎండ వాలింది. పిల్లలు ఆ దుప్పటి మీద పొర్లుతుంటే చూడాలని ఉంది. ఆ సంఘానికి వెళ్ళాలనుకునేవాళ్ళు గండిమైసమ్మ నుంచి పొద్దున్నే బయలుదేరండి, సాయంత్రానికి ఇల్లు చేరతారు. మగవాళ్ళైతే మగవాళ్ళలాగే వెళ్ళండి. కొద్దిగా సిగ్గుపడాల్సి వస్తుంది, అంతకంటే ఏమీ కాదు.

మేడ్చల్ ఇంకా రాకముందే సుజాత ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, పది. అలవాటుగా చెయ్యి చాచాను. ఆమె ఫోను అటు తిప్పుకుంది. చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది.

"ఏంది? నా గురించేనా?"

"మా గ్రూపుల ముచ్చట నీకెందుకు?" అంది సుజాత. ఇంకా నవ్వుతూనే, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, తన పేరు మీద మొదటిసారి తానే జవాబు రాయడం మొదలుపెట్టింది.