మింగిన గాలం

ఎనభైల్లో ఓ ఆదివారం, చేపలు పట్టుకుని జాలరిపేట నుంచి బస్సులో తిరిగి వస్తున్నాం. గాలానికి పడ్డ చిన్న చేపలను వదిలేస్తే బతుకుతాయని నేను, బతకవని నా స్నేహితుడు వాదించుకుంటున్నాం. ఖాళీ చేపలగంప ఒళ్లో పెట్టుకున్న ఓ ముసలామె ముందు సీటులోంచి వెనక్కి తిరిగింది.

“గాలం మింగేసినదాన్ని ఏటి సేత్తావు బాబూ?”

“గాలం లాగేసి నీళ్లలో వదిలేస్తానమ్మా,” అన్నాను గొప్పగా.

“గొంతు సిరిగిపోతే తిండెలా దిగుతాది? మా ఆయనకి గొంతులో పుండయింది. సేపల పులుసు కలిపి పక్కనే కూకుండీదాన్ని. ముద్ద దిగనేదు. ఆకలితోనే పోనాడు.”

ఆమె నా గాలం దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుంది. “మింగితే లాగకు నాయనా. దారం తెంపేయ్. గాలం తుప్పట్టి అదే ఊడిపోతాది.”

ఆమె గాజువాకలో దిగిపోతుంటే గంప అందించాను.

నేను వదిలిన చేపలు ఈదుకుంటూ పోవడం చూసి మురిసిపోయేవాణ్ణి. వాటిలో ఎన్నింటిని ఆకలికి వదిలేశానో.