ఎద్దు నోట్లో పూలజడ

పెండ్లినాడు నా పూలజడ ఎద్దు తినేసింది. బండెక్కబోతా ఉంటే వెనకాలి నుంచి పీకి, అందరూ చూస్తా ఉండంగానే నమిలేసింది. ఆ జడలో ఉండేవి మల్లెపూలని నేనంటా, కనకాంబరాలని మా ఆయన అంటాడు. కువైట్‌కు పోయినా ఆ జగడం తెగలే.

ఆయన సబ్హాన్‌లో కార్లకు రంగు కొట్టే షెడ్డులో ఉండె. నేను సబా అల్ సలేంలో ఒక కువైటీ ముసలామె ఇంట్లో పనికుంటి, ఆమెను మామా అని పిలిచేదాన్ని. శుక్రవారం వచ్చినప్పుడల్లా ఆయన మిగిలిన రంగులు చిన్న సీసాల్లో తెచ్చిచ్చేవాడు. బొమ్మలేసేది నాకెవురూ నేర్పలే. ఖర్జూరపు ఈనె కొస నమిలి కుంచె చేసుకుందును. పాలడబ్బా మూత, పగిలిన ట్రే, రోడ్డున పడిన కారు చక్రం కప్పు, ఏది దొరికితే దాని మీద మా ఊరి సంగతి ఏదో ఒకటి వేసేదాన్ని. మా అవ్వ చింతకాయలు కొట్టేది, మా తమ్ముడు మేకను భుజానేసుకొని ఏరు దాటేది. "చెత్తంతా ఇంట్లోకే తెస్తావు," అని మామా నవ్వేది. పారెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలే.

ఇరాక్ సైన్యం దిగిన వారానికి మామా కొడుకులు సరిహద్దు దాటిపోయిరి. మోకాళ్ళ నొప్పులతో ఆమె అంత దూరం పోలేకపోయె. మా ఇంటి ముందరే సైనికులు చెక్‌పోస్టు పెట్టేసరికి, నన్ను తీసుకొని అదే పేటలో ఖాళీగా ఉన్న తన చెల్లెలి ఇంటికి మారిపోయె. సబ్హాన్‌కు పోయే రాయచోటి సాయిబు ఒకాయన రొట్టెల అంగడికాడ కనపడితే, "అన్నా, ఆరో వీధి, పందొమ్మిదో ఇల్లని మా ఆయనతో చెప్పు," అని పంపిస్తి.

మూడు దినాలకు వీధిలోవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. సైనికులు ఎవురింటికీ వెతుక్కొని రాకుండా బోర్డులు పీకెయ్యాల, ఇంటి నంబర్లు చెరిపెయ్యాల. "నీకాడ రంగులుండాయి గదా, యల్లా, లెయ్," అనె మామా. నా రంగులు ఒకరికి పనికొస్తాయని అనిపించుకోవడం అదే మొదలు. ఉబ్బిపోయి బయల్దేరితి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క అంకె మిగల్చలే. మా పందొమ్మిదిని ఇంకా నున్నగా కొడితి. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటా ఉంటే అప్పుడు తట్టె నాకు. ఆయనకు నేను చెప్పి పంపిన గుర్తు అదొక్కటే. దాన్ని నా చేత్తోనే చెరిపేస్తిని.

మరుసటి దినమే ఇంకో మాట తెలిసె. మన కడప వాళ్ళంతా ఆదివారం పొద్దున బస్రాకు బస్సు మాట్లాడుకున్నారంట. ఆణ్ణుంచి బాగ్దాద్, జోర్డాన్, మన దేశం. మామాకు పక్కింటివాళ్ళు తోడుంటామనిరి. ఆయన లేకుండా నేనెక్కను, నేను లేకుండా ఆయనెక్కడు. ఉండేది నాలుగే దినాలు.

కాలుగాలిన పిల్లి మాదిరి తిరిగితి. గేటుకాడికి, మేడ మీదికి, మళ్ళా గేటుకాడికి. నేనే పోదామంటే దారంతా చెక్‌పోస్టులు. నంబరు మళ్ళా రాస్తే వీధివీధంతా నా మీద పడుతుంది. పేరు రాద్దామంటే ఆయనకూ చదువు రాదు, నాకూ రాదు. సైనికులకు అర్థం కాకుండా ఆయనకు మాత్రమే తెలిసేది ఏముందబ్బా అని కూచుంటే, ఎద్దు గుర్తొచ్చె.

సందు మొదట్లో నుగ్గయిన కారు తలుపొకటి ఊడి పడుండె. ఈడ్చుకొచ్చి, తోమి, దాని మీద ఎద్దునేస్తి. నోట్లో నుంచి వేలాడే జడ, జడ నిండా తెల్లగా మల్లెపూలు. గేటు పక్కన ఆనించి పెడితి. జీపులో పోతా ఉన్న సైనికులు ఆగి దిగిరి. నా పైప్రాణాలు పైనే పోయె. ఎద్దును చూసి నవ్వుకొని పోయిరి.

శుక్రవారం ఎవురూ రాలే. శనివారం ఖుబ్బూసు రొట్టెల కోసం మూడు గంటలు లైనులో నిలబడి ఇంటికొస్తే, మామా ఎదురొచ్చి చెప్పె. ఎవురో మగమనిషి గేటు బాదినాడంట. ఆమె లోపలి గదిలో దాక్కున్నిందంట. నాకు ఒళ్ళు మండిపోయె. తెలుగులోనే నోటికొచ్చినట్ల తిడితి. ఆ ముసలామె తల దించుకొని వినె. పాపం, ఆమె చేసిన తప్పేముంది. నంబరు చెరిపింది నేను.

బయటికి ఉరికితి. వీధిలో నరమానవుడు లేడు. ఎద్దునేసిన కారు తలుపు దిక్కు చూస్తే, జడ మారిపోయి ఉంది. ఇటుకముక్కతో ఒక్కో మల్లెపువ్వు మీద రుద్ది రుద్ది అన్నిటినీ ఎర్రగా చేసిపెట్టినారు. ఇటుకముక్క ఆణ్ణే పడుంది. అవి కనకాంబరాలని నాతో వాదించే మనిషి ఈ కువైట్ మొత్తానికి ఒక్కడే. బతికుండాడు. ఆ తలుపు పక్కనే కూచుంటి.

మామా పిలిచినా లోపలికి పోలే. సాయంత్రానికి సందు మలుపులో ఆయన కనపడె. గేటు ఎవురూ తియ్యకపోతే, నా కోసం రొట్టెల అంగళ్ళన్నీ తిరిగొచ్చినాడు. తెగిన చెప్పులు చేతిలో ఉండాయి. నాకు ఏడుపు ఆగలే. ఆయన నా పక్కన కూలబడి, ఎద్దు దిక్కు చూసి, "ఏమ్మే, ఇప్పుడన్నా ఒప్పుకుంటావా," అనె.

"కనకాంబరాలే," అంటి.