అత్తయ్యగారి దయ్యాల భయం

అత్తయ్యగారికి దయ్యాల కథలంటే ప్రాణం. కానీ ఒక్కర్తే కూర్చుని చదవాలంటే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. అందుకని పుస్తకం చంకన పెట్టుకుని ఎవరో ఒకరి తలుపు కొట్టేది. "ఏమీ అనుకోకు నాయనా, కాసేపు మీ ఇంట్లో చదువుకుంటా. నీ పని నువ్వు చూసుకో. మనిషి అలికిడి ఉంటే చాలు" అనేది.

ఆవిడకి డెబ్భై దగ్గర పడ్డాయి. చదివేవి మాత్రం పదిహేనేళ్ల పిల్లల కోసం రాసినవి. చలి మొదలై పొద్దు గబుక్కున కుంకిపోయే రోజుల్లో లైబ్రరీవాళ్లు గుమ్మం దగ్గరే ఒక బల్ల వేసి, నల్ల అట్టల పుస్తకాలు పేర్చి, పైన కాగితం సాలీణ్ణి వేలాడదీస్తారు. ఆవిడ స్కూలు పిల్లల వరసలో నిలబడి ఒక మోపు తెచ్చుకునేది. "పెద్దవాళ్ల నవలలు చదవొచ్చుగా?" అని లైబ్రరీ అమ్మాయి అడిగితే, "వాటిల్లో దయ్యం వచ్చేసరికి సగం పుస్తకం అయిపోతుందమ్మా. నాకంత ఆయుష్షు లేదు" అందట. ఆవిడ ఉండే అపార్టుమెంట్లో అందరూ ఎదురుగా అత్తయ్యగారనీ, చాటుగా దయ్యాలత్త అనీ పిలిచేవాళ్లు.

ఆ ఏడు ఆవిడ కన్ను రెండో అంతస్తులో ఉండే లిఫ్టు మెకానిక్ మీద పడింది.

మెకానిక్ భార్య అతన్ని వదిలి వెళ్లిపోయి ఆర్నెల్లయింది. గొడవల్లేవు, కేకల్లేవు. "నీతో ఉన్నా ఒంటరిగానే ఉంది" అని ఒక్క మాట చెప్పి, బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. మనిషి చనిపోతే పరామర్శకి పదిమంది వస్తారు. విడిపోతే ఏమని రావాలో ఎవరికీ తెలీదు. అందుకని ఎవరూ రాలేదు. అతను పని నుంచి రాగానే టీవీ పెట్టి, అటు చూడకుండా, వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేసి పడుకునేవాడు. ఊళ్లో ఏ లిఫ్టు ఎప్పుడు మొరాయిస్తుందో అతనికి కొట్టిన పిండి. ఇంట్లో మాత్రం రోజుల తరబడి నోరు విప్పే పనే పడేది కాదు.

ఆవిడ తలుపు కొట్టిన సాయంత్రం అతను ముందు మనిషిని కాదు, అట్ట మీది ఎర్రటి కళ్లని చూశాడు.

"నాకు పనుందండీ."

"చేసుకో నాయనా, నేను వద్దన్నానా?" అంటూ లోపలికొచ్చి, సోఫా మీది బట్టల గుట్టని పక్కకి జరిపి కూర్చుంది. "ఆ టీవీ ఆపు. దయ్యం వచ్చేది వినపడదు."

టీవీ ఆగింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది, తీసింది. "మంచం కింద చూశావా?"

"మంచం కింద ఏముంటుందండీ?"

"చూసినవాడు చెప్పాలి. నేనెలా చెప్తాను?"

వెళ్లి వంగి చూశాడు. ఎప్పుడో పోయిందనుకున్న స్క్రూడ్రైవరూ, అంగుళం మందాన దుమ్మూ కనపడ్డాయి. రేపు మళ్లీ చూడమంటుందేమోనని పొద్దున్నే లేచి ఊడ్చాడు. ఆవిడ బీరువా వెనకాల చూడమంది. ఆ మర్నాడు వంటింటి అటక. దయ్యాల పుణ్యమా అని కొన్నాళ్లకి ఇల్లంతా అద్దంలా తయారైంది.

ఆవిడ పైకే చదివేది. చదివినంతసేపూ అతను ఊఁ కొట్టాలి. "ఊఁ అనకపోతే నువ్వున్నావో, నిన్నూ ఎత్తుకుపోయిందో నాకెలా తెలుస్తుంది?" అనేది. అతను వంటింట్లోంచే ఊఁ అనేవాడు, పళ్లు నూరుకుంటూ.

ఒకరోజు కథలో పిల్లలు పాడుబడిన హాస్టల్లోకి వెళ్లారు. "లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరూ మీట నొక్కలేదు. అయినా లిఫ్టు మెల్లగా పైకి లేచింది" అని ఆవిడ చదివింది.

"ఆగండాగండి!" గరిటె పట్టుకుని మెకానిక్ ఊడిపడ్డాడు. "తలుపులు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు."

"దయ్యం కదిపింది నాయనా."

"దయ్యమైనా సరే. తలుపు మూసుకుంటే గానీ కరెంటు అందదు."

"దయ్యానికి కరెంటెందుకు?"

"దయ్యానికి అక్కర్లేదండీ, మోటారుకి కావాలి! రాసినవాడు ఒక్కసారైనా లిఫ్టెక్కాడా?"

ఆ వాదన కూర మాడేదాకా సాగింది. మాడిన కూరే ఇద్దరూ కూర్చుని తిన్నారు. ఆర్నెల్లలో అతను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. తను కూర్చుని తింటున్న సంగతి కూడా గమనించలేదు. అప్పట్నుంచి సాయంత్రం అయ్యేసరికి చెవులు గుమ్మం మీదే ఉండేవి. ఆవిడకి మెట్లెక్కాలన్నా భయమే కాబట్టి, రోజూ ఐదో అంతస్తులో ఆవిడ గుమ్మం దాకా దిగబెట్టి వచ్చేవాడు.

ఇలా ఉండగా ఒక వానరోజు సాయంత్రం కరెంటు పోయింది. మెకానిక్ తడిసి ముద్దై వచ్చేసరికి వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "అన్నా! అత్తయ్యగారు లిఫ్టులో ఇరుక్కుపోయారు, మూడో అంతస్తు దగ్గర!"

చిమ్మచీకటి. అందులో ఒంటరిగా ఆవిడ. మెకానిక్ రెండేసి మెట్ల చొప్పున ఎగబాకాడు.

"అత్తయ్యగారూ! భయపడకండి, వచ్చేశాను!"

లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అతను లిఫ్టు తలుపులో తాళంచెవి దూర్చాడు. "అత్తయ్యగారూ! ఊఁ అనండి!"

"ఊఁ" అంది లోపల్నుంచి, విసుగ్గా. "అరవకు నాయనా. కథ మంచి పట్టులో ఉంది."

తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిసంచీ మీద చతికిలబడి, హాయిగా కాళ్లు బార్లా చాపుకుని, ఫోను వెలుగులో చదువుకుంటోంది. అతను ఆవిడ వంక చూశాడు, ఆవిడ అతని వంక చూసింది. అప్పుడు గుర్తొచ్చినట్టు "అమ్మో, ఎంత చీకటి!" అంటూ గుండె పట్టుకుంది. కుడివైపున.

వెనకాల వాచ్‌మన్ పకపకా నవ్వాడు. "ఆవిడకి చీకటంటే భయమేంటన్నా? ఆస్పత్రి శవాల గదిలో పనిచేసి రిటైరైన మనిషి. రాత్రంతా ఒక్కర్తే ఉండేదట!"

"ఒక్కర్తేనేమిటి? గది నిండా జనమేగా" అని వాచ్‌మన్‌ని కొరకొరా చూసి, పుస్తకం చంకన పెట్టుకుని ఆవిడ గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.

మెకానిక్ ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. కిందటేడు ఆవిడ భయపడింది కొట్టు మూసేసిన దర్జీ ఇంట్లో. అంతకుముందు, కాలు విరిగి మంచాన పడ్డ టీచరమ్మ ఇంట్లో. ఆవిడ భయం ఎప్పుడూ దారి తప్పి సందడిగా ఉన్న ఇంటికి వెళ్లలేదు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అతను టీవీ పెట్టాడు, ఆపేశాడు. చివరికి తనే ఐదో అంతస్తుకెక్కి తలుపు కొట్టాడు.

రోజూ గుమ్మం దాకా వచ్చేవాడే గానీ లోపలికి చూడటం అదే మొదటిసారి. ఒక కుర్చీ. బోర్లించిన ఒకే ఒక్క కప్పు. ఈ ఇంట్లో మంచం కింద చూసిపెట్టేవాళ్లెవరా అనిపించింది అతనికి. కుర్చీలో ఆ పుస్తకమే ఉంది.

"చివరి అధ్యాయం అలాగే ఉంది నాయనా. చదవబుద్ధి కాలేదు" అంది ఆవిడ, ఎటో చూస్తూ.

అతను భయం ఊసెత్తలేదు. గొంతు సవరించుకున్నాడు. "మూడో అంతస్తులో కొత్తగా కాలేజీ అమ్మాయి దిగింది. గదిలో ఒక్కర్తే. నిన్న లిఫ్టు బాగుచేస్తుంటే మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది."

"అయితే?"

"అయితే ఏం లేదండీ. మీకు భయంగా లేదా?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"వణికిపోతున్నా నాయనా. పద."

అమ్మాయి తలుపు ఓరగా తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మెకానిక్ మొహంలో ఎక్కడా తేడా రానీయకుండా చెప్పాడు: "ఈవిడ పైన ఉండే అత్తయ్యగారమ్మా. దయ్యాల కథ ఒంటరిగా చదవలేరు. నేను తోడుంటానన్నాను గానీ, నిజం చెప్పాలంటే నాకూ భయమే."

అమ్మాయి అట్ట వంక చూసింది. "ఇదా? నేనెప్పుడో చదివేశానండీ. చివర్లో ఆ దయ్యం ఎవరంటే..."

"చెప్పొద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆ అరుపుకి ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. అమ్మాయి ఉలిక్కిపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"సరే, చెప్పన్లెండి. కానీ నా గదిలో కుర్చీల్లేవు."

"నేలుందిగా తల్లీ" అంటూ అత్తయ్యగారు లోపలికి అడుగుపెట్టింది.